ఎనభై నాలుగు ఖాళీ గడులు

నర్సింగ్ ఒమన్‌లో దిగిన ఏడాదే అల్ ఖౌద్ శివార్లలో ఒక సంగీత మందిరానికి పునాదులు పడుతున్నాయి. కోరుట్ల పక్క ఊరి నుంచి షట్టరింగ్ హెల్పర్‌గా వచ్చినవాడు మూడేళ్ళు ఆ సైట్‌లోనే పనిచేశాడు. కట్టేది ఏమిటో అప్పట్లో అతనికి తెలియదు. సినిమా హాలేమో అనుకున్నాడు, తెర ఎటువైపు వస్తుందో అని చూశాడు కూడా. పని పూర్తయ్యాక కంపెనీ కొందరిని ఇంటికి పంపింది, కొందరిని వేరే సైట్లకు పంపింది. నర్సింగ్ ఊడ్చే పనికి అక్కడే ఉండిపోయాడు. ఊడుస్తూ ఊడుస్తూ స్టేజీ మీదికి వచ్చాడు, కుర్చీలు వేసే పని దొరికింది, వీసా హాలు వాళ్ళ పేరు మీదికి మారింది. ఇప్పుడతనికి నలభై నాలుగేళ్ళు. పదకొండేళ్ళుగా వాదీ సింఫనీ ఆర్కెస్ట్రాకు కుర్చీలు వేస్తున్నాడు.

ఆ ఆర్కెస్ట్రాలో అరవై నాలుగు మంది వాద్యకారులు. మూడో వంతు ఒమనీలు, మిగిలినవాళ్ళు ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో. అందరికీ నెల జీతాలే, అందరికీ పొద్దున పదింటికి డ్యూటీ. నెలకు రెండుసార్లు హాల్లో కచేరీ ఉంటుంది. మిగతా రోజుల్లో నలుగురైదుగురు కలిసి స్కూళ్ళకు పోతారు. ఆసుపత్రిలో కిడ్నీ రోగులు మిషన్లకు తగిలించుకుని పడుకున్న గదిలో ఒక మూల కూర్చుని వాయిస్తారు. చలికాలంలో ఇబ్రా అనే ఊరి దాకా వెళ్ళి పిల్లలకు వాద్యాలు ముట్టుకోనిస్తారు. ఏడాదికోసారి ఘాలాలో, గ్యారేజీల వెనక కంపెనీ బస్సులు నిలిపే మైదానంలో, కార్మికుల కోసం అరవై నాలుగు మందీ కూర్చుని ఉచితంగా వాయిస్తారు. ఆ రోజు ఘాలా క్యాంపుల్లో పాకిస్తానీలు, బెంగాలీలు, మలయాళీలు, మన తెలంగాణ వాళ్ళు స్నానాలు చేసి, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వస్తారు. అందులో సగం మందికి ఆ వయొలిన్ ఏమిటో తెలియదు. అయినా వస్తారు, ఎందుకంటే తమ గుమ్మం దాకా వచ్చి, తమ కోసమే కోటు వేసుకుని వాయించేవాళ్ళు ఇంకెవరూ లేరు.

వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ముందు నర్సింగ్ వెళ్ళాలి. మొదటి వరస వయొలిన్ ఆవిడకు నడుం నొప్పి, ఆమె కుర్చీ మీద ఏటవాలు దిండు పెట్టాలి. పెద్ద కొమ్ము ఊదే ఆయనకు నీళ్ళ సీసా ఎడమ పక్కన ఉండాలి, కుడి పక్కన పెడితే కాలితో తన్నేస్తాడు. హార్ప్ అనే నిలువెత్తు తీగల వాద్యాన్ని నర్సింగ్ లేకుండా ఎవరూ కదపడానికి వీల్లేదు. ఇవన్నీ ఏ కాగితం మీదా రాసి లేవు, అతని తలలోనే ఉన్నాయి.

కుర్చీలు వేయడం అయిపోయాక పక్క తెర వెనక నిలబడి వినేవాడు. పదకొండేళ్ళలో వినీ వినీ అన్నీ కంఠతా వచ్చాయి. వాటి అసలు పేర్లు అతనికి నోరు తిరగవు. తనే పేర్లు పెట్టుకున్నాడు. ఒకటి గుర్రాలది, ఒకటి ఏడుపుది, ఒకటి వానది. ఎక్కడ డ్రమ్ము పడుతుందో, ఎక్కడ ఇత్తడి తాళాలు ఠంగుమంటాయో ఒక్క క్షణం ముందే అతని భుజానికి తెలిసేది. ఏడేళ్ళ కింద ఒకసారి ధైర్యం చేసి స్టేజీ మేనేజర్ ఖమరుద్దీన్‌ను అడిగాడు.

"భాయ్, గా తాళాలు ఒక్కపారి నేను కొడ్తా. రిహార్సల్‌లనే. ఎక్కడ కొట్టాల్నో నాకెరుకే."

ఖమరుద్దీన్‌ది హైదరాబాదు పాతబస్తీ, మంచివాడే. కానీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరే నర్సింగ్! నువ్వు తాళాలు కొడ్తే కుర్చీలెవరేస్తరు మియా, నేనా?"

నర్సింగ్ కూడా నవ్వాడు. ఇంకెప్పుడూ అడగలేదు. ఆ కోరిక మాత్రం అలాగే ఉండిపోయింది.

పోయిన సెప్టెంబరులో జయరాముడు వచ్చాడు. అతను ఘాలాలో ఒక లేబర్ సప్లై కంపెనీ మనిషి. ట్రక్కులో సామాను ఎక్కించే దించే పనికి ఆ కంపెనీ అతన్ని ఆర్కెస్ట్రాకు పంపింది. మెట్‌పల్లి అవతల ఊరు, నలభై ఒక్కేళ్ళు, సన్నగా ఎండిన మనిషి. గల్ఫ్‌కు రాకముందు పదకొండేళ్ళు పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో సైడ్ డ్రమ్ము కొట్టాడట. ఆ సంగతి చెప్పినప్పుడు నర్సింగ్ పెద్దగా పట్టించుకోలేదు. తన భాష మాట్లాడే మనిషి దొరికాడని సంతోషించాడు. మనిషంత పొడుగుండే డబుల్ బేస్ పెట్టెను నడుం పట్టకుండా ఎలా ఎత్తాలో నేర్పాడు. తన డబ్బాలో కూర సగం అతనికి పెట్టాడు. జయరాముడు "అన్నా, అన్నా" అంటూ వెనకే తిరిగేవాడు. నాలుగు నెలలు వాళ్ళిద్దరి మధ్య ఏ పొరపొచ్చమూ లేదు.

జనవరిలో ఇబ్రా వెళ్ళారు. స్కూలు వెనక ట్రక్కు నిలిపి సామాను దించుతున్నారు. నర్సింగ్, ఇంకొకతను హార్ప్‌ను చెక్క వాలు మీంచి అంగుళం అంగుళం కిందికి తెస్తున్నారు. జయరాముడు తన వంతు పని అయిపోయి, ఖాళీ ట్రంకు పెట్టె మీద కూర్చుని, కిటికీకి అడ్డం పెట్టే రెండు కర్రముక్కలతో దాని మూత మీద కొడుతున్నాడు. ఏదో అలవాటుగా, ఎటో చూస్తూ కొడుతున్నాడు.

డ్రమ్ముల విభాగానికి పెద్ద జెన్నిఫర్ మేడమ్. టీ కప్పు పట్టుకుని అటుగా పోతున్నది కాస్తా ఆగింది. కప్పు నేల మీద పెట్టి, అతని చేతిలోంచి కర్రలు తీసుకుని మూత మీద ఒక వరస కొట్టి చూపించింది. జయరాముడు కర్రలు వెనక్కి తీసుకుని అదే వరస కొట్టాడు. చివర ఊరేగింపులో మలుపు దగ్గర కొట్టే విరుపు ఒకటి తన సొంతంగా కలిపాడు. ఆమె పెద్దగా నవ్వింది. ఇంకొకటి కొట్టింది, కష్టమైంది. అతను అదీ కొట్టాడు. ఆమె పరుగున లోపలికి పోయి ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ అనీస్ సార్‌ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

హార్ప్ ఇంకా వాలు మధ్యలోనే ఉంది. దింపడానికి లేదు, ఎక్కించడానికి లేదు. ఆ బరువు భుజం మీద పెట్టుకునే నర్సింగ్ ఇదంతా చూశాడు. అనీస్ సార్ చేతులు కట్టుకుని తల ఆడిస్తూ వినడం చూశాడు. ఖమరుద్దీన్ పొట్ట పట్టుకుని నవ్వకపోవడం చూశాడు.

"అన్నా పట్టు, జారుతాంది!" అని అవతలివాడు అరిస్తేగానీ తెలివిలోకి రాలేదు.

విషయం రెండు రోజుల్లో తేలిపోయింది. జెన్నిఫర్ కింద వాయించే ఒకామె ప్రసవానికి సొంత దేశం వెళ్ళింది. ఫిబ్రవరిలో ఘాలా కచేరీకి ఎలాగూ ఒక మనిషి తక్కువే. ఆ కచేరీలో వాయించే పెద్ద రచనలో ఒక చోట అన్ని వాద్యాలూ ఆగిపోయి సైడ్ డ్రమ్ము ఒక్కటే మొదలవుతుంది. దూరం నుంచి ఎవరో నడిచొస్తున్నట్టు చిన్నగా మొదలై పెరుగుతుంది. "ఘాలా వాళ్ళ ముందు ఘాలా మనిషే అది వాయించాలి" అన్నాడు అనీస్ సార్. సంగీతం రాత చదవడం రాదుగదా అని ఎవరో అంటే, పాట ఒకసారి వింటే చాలు అతనికి అంది జెన్నిఫర్.

ఆదివారం మొదటి రిహార్సల్. జయరాముడికి డ్రమ్ము స్టాండు బిగించింది నర్సింగే. ఎంత ఎత్తు కావాలో అడిగి మరీ బిగించాడు. తర్వాత పక్క తెర వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఆ రచనకు అతను పెట్టుకున్న పేరు 'కొండెక్కేది'. ఎన్నిసార్లు విన్నాడో లెక్క లేదు. ఆ రోజు అందరూ ఆగిపోయాక డ్రమ్ము మొదలైంది. పదకొండేళ్ళలో ఆ చోట అంత మెత్తగా, అంత దగ్గరగా ఎవరూ కొట్టలేదు. అది తెలుసుకోవడమే అన్నిటికంటే కష్టమైంది.

ఆఖర్లో వయొలిన్ వాళ్ళు కమానులతో స్టాండ్లను టకటకా తట్టారు. అది వాళ్ళ చప్పట్లు. పదకొండేళ్ళలో కుర్చీలు వేసినవాడి కోసం ఎవరూ తట్టలేదు. తట్టాలని నర్సింగ్ కూడా ఎప్పుడూ అనుకోలేదు, ఆ రోజు దాకా.

మధ్యాహ్నం భోజనానికి జెన్నిఫర్ జయరాముడిని వాద్యకారుల బల్ల దగ్గర కూర్చోబెట్టుకుంది. నర్సింగ్ తన డబ్బా విప్పుకుని ట్రక్కు దగ్గర ఒక్కడే తిన్నాడు. తర్వాత జయరాముడు వచ్చి పక్కన కూలబడ్డాడు.

"గక్కడి కూడు చప్పగున్నదన్నా. కారం లేదు, ఉప్పు లేదు. నీ పప్పు ఏమన్న మిగిలిందా?"

అతను మంచికే అన్నాడు. నర్సింగ్‌కు మాత్రం, పెద్ద బల్ల దగ్గర తిన్నవాడు ఇప్పుడు తన పప్పు మీద దయ చూపిస్తున్నట్టు తోచింది. "ఒడిసింది" అన్నాడు, డబ్బాలో ఇంకా ఉండగానే మూత పెట్టి.

ఆ సాయంత్రం ఇంటి నుంచి భార్య సంగీత ఫోన్ చేసింది.

"ఏమయ్యో, మీ హాల్ల మెట్‌పల్లి దిక్కు మనిషి డ్రమ్ము కొడ్తున్నడట గదా! దొరల నడుమ కూసున్నడు. ఆళ్ళ పిల్ల వాట్సాప్‌ల పెట్టింది, ఊరంత చూస్తాన్రు. నువ్వు గాడ్నే గదా ఉండేది, నువ్వు కనవడవేంది?"

"నేను పక్కకున్న" అన్నాడు నర్సింగ్.

"ఎన్నేండ్లాయె నువ్వు గాడ, ఆయన మొన్న గాక మొన్నొచ్చె. గట్లెట్ల?"

ఆమె వింతపడి అడిగింది, ఎత్తిపొడవాలని కాదు. అయినా నర్సింగ్ సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాడు.

ఆ మూడు రోజులూ అతను మనిషి మనిషిలా లేడు. జయరాముడి నడకలో పొగరు కనిపించేది, మాట్లాడకపోతే పొగరు, మాట్లాడితే ఇంకా పొగరు. ఊళ్ళో పెళ్ళి ముందర తాగి ఊగే జనం మధ్య కొట్టినవాడికి ఈ సంగీతం ఏం తెలుసు అనుకున్నాడు. వెంటనే ఆదివారం విన్న డ్రమ్ము చెవిలో మోగేది. తెలుసు అని అదే చెప్పేది.

బుధవారం ఖమరుద్దీన్ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

"భాయ్, ఒక ముచ్చట చెప్పాల్నా వద్దా అని చూస్తున్న. జయరాముని పతాక మీద ఏమున్నది? సామాన్లెత్తే పని అని ఉన్నది. గా పతాక కూడా మన పేరు మీద లేదు, ఘాలా కంపెనీ పేరు మీదున్నది. రేపు మైదానంల చెకింగోళ్ళొచ్చి ఇదేందని అడిగితే? ఆనికే తిప్పలు. మనకు గూడ."

పతాక అంటే వాళ్ళ రెసిడెంట్ కార్డు. నర్సింగ్ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఖమరుద్దీన్ ముఖం మారింది. కచేరీ అనుమతి కాగితంలో వేదిక ఎక్కేవాళ్ళందరి పేర్లూ ఉండాలన్న సంగతి అతనూ మరిచిపోయాడు.

"యా అల్లా. మంచిగ యాద్ జేసినవ్ నర్సింగ్. నువ్వు లేకపోతే ఇజ్జత్ పోతుండె."

సాయంత్రానికి జయరాముడి పేరు తీసేశారు. అతని కంపెనీ నుంచి ఒప్పుకోలు ఉత్తరం వస్తే చూద్దామన్నారు. ఆ కంపెనీ మేనేజర్ ఫోన్ ఎత్తడు. జయరాముడు డ్రమ్ము కర్రలు జెన్నిఫర్‌కు అప్పగించి, వచ్చి ట్రక్కులో దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టాడు. "మన రాత గింతే అన్నా" అన్నాడు. నర్సింగ్ అతని ముఖం చూడకుండా రెండో కొస పట్టుకుని మడతపెట్టాడు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

గురువారం ఇంకో సంగతి జరిగింది. సైడ్ డ్రమ్ము జెన్నిఫర్ తనే వాయిస్తానంది. మరి ఆమె వాయించాల్సిన పెద్ద డ్రమ్ము ఎవరు కొట్టాలి? అందులో ఉన్నది అయిదు దెబ్బలే. సంగీతం రాతలో మొదట ఎనభై నాలుగు గడులు ఖాళీ, ఒక్కో గడికి నాలుగు అంకెల కాలం. అంతసేపూ చేతులు కట్టుకుని నిలబడాలి. ఎనభై అయిదో గడిలో మొదటి దెబ్బ, తర్వాత వరసగా నాలుగు. ఖమరుద్దీన్ అన్నాడు: "నర్సింగ్ ఉన్నడు గదా! వీసా మనదే. ఏడేండ్ల కింద అడిగిండు కూడా."

ఖమరుద్దీన్‌కు అది గుర్తుందని నర్సింగ్‌కు అప్పుడే తెలిసింది.

ఆదివారం పొద్దున గడ్డం గీసుకుని, శుభ్రమైన నల్ల చొక్కా వేసుకుని పెద్ద డ్రమ్ము వెనక నిలబడ్డాడు. ఆ రోజు కుర్చీలు కూడా తనే వేశాడు, తన చోటు తనే సర్దుకున్నాడు. లెక్కపెట్టాల్సిన అవసరం లేదనుకున్నాడు. కొండెక్కేది తనకు తెలియనిదా? పిల్లనగ్రోవి లాంటి ఆ చిన్న వాద్యం పిట్టలా రెండుసార్లు కూస్తుంది, మూడోసారి కూయబోతుండగా డ్రమ్ము పడాలి. అంతే.

వాళ్ళు మొదలుపెట్టారు. పక్క తెర వెనక అన్ని వాద్యాలూ కలిసి ఒక్కటిగా వినిపించేవి. ఇక్కడ అతని ముందు ఇత్తడి బాకాల వాళ్ళు అయిదుగురు వరసగా కూర్చున్నారు. వాళ్ళు ఊదడం మొదలుపెట్టగానే ఇంకేమీ వినిపించలేదు. పిట్ట ఎక్కడుందో తెలియలేదు. కూసిందేమో, కూయలేదేమో. అనీస్ సార్ చెయ్యి పైకి లేచింది. తన కోసమే అనుకుని నర్సింగ్ బలమంతా తీసి కొట్టాడు.

హాలంతా ధడేలుమంది. అందరూ ఆగిపోయారు. అతను ఇరవై గడులు ముందే కొట్టాడు.

ఎవరూ నవ్వలేదు. బాకా ఆయన వెనక్కి తిరిగి బొటనవేలు చూపించాడు, ఫర్వాలేదన్నట్టు. అనీస్ సార్ హిందీలో నెమ్మదిగా అన్నాడు: "నర్సింగ్, కంగారు లేదు. లెక్కపెట్టు." రెండోసారి లెక్కపెట్టాడు. అరవై దాకా వచ్చి, అరవై ఒకటా అరవై రెండా అని తడబడి, కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు. ఆ దెబ్బ పడకుండానే సంగీతం ముందుకు పోయింది. మూడోసారి అనీస్ సార్ "తర్వాత చూద్దాం" అని వేరే రచన మొదలుపెట్టాడు. కసిరి ఉంటే బాగుండేది. ఆ మంచితనం నర్సింగ్‌కు ముల్లులా గుచ్చుకుంది.

వెనక వాలు దగ్గర జయరాముడు ఉన్నాడు. అంతా విన్నాడు.

"అన్నా, గది చెవితోని వట్టేది గాదు. బ్యాండ్ల మాకు ముంగట బాకాలోడుంటే గిదే తిప్పల. వేళ్ళ మీద లెక్కవెట్టు. దా కూసో."

అని దుప్పటి చుట్టను నర్సింగ్ ముందు పెట్టాడు. చిటికెన వేలి నుంచి బొటనవేలి దాకా కణుపుల మీద గడులు ఎలా లెక్కపెట్టాలో చూపించాడు. తనే నోటితో బాకాల మోత మోగిస్తూ, మధ్యలో కావాలని తప్పుడు అంకెలు అరుస్తూ, నర్సింగ్ తడబడకుండా చేశాడు. ఆ రోజు సాయంత్రం రెండు గంటలు, సోమవారం మూడు గంటలు. "ఎనభై నాలుగు... కొట్టు!" అనేవాడు. నర్సింగ్ దుప్పటి మీద దబ్బున కొట్టేవాడు. దుమ్ము లేచేది. జయరాముడు పిల్లాడిలా చప్పట్లు కొట్టేవాడు.

ఆ ఓపిక చూసి నర్సింగ్ మనసు కరగలేదు. ఇంకా కుతకుతలాడింది. వీడికి చేతనవును, నేర్పడమూ చేతనవును, పైగా తన చోటు పోయినా ఏడవడు. ఇందులో ఒక్కటైనా తనకు లేదు.

మంగళవారం రిహార్సల్‌లో అయిదు దెబ్బలూ అయిదు చోట్లా సరిగ్గా పడ్డాయి. అనీస్ సార్ తల ఊపాడు. ఏడేళ్ళ కోరిక తీరింది. కానీ ఆ దెబ్బలకు కాస్త ముందు, అందరూ ఆగిపోయినచోట, సైడ్ డ్రమ్ము జెన్నిఫర్ వాయించింది. ఆమె తప్పేమీ వాయించలేదు. ఒక్క పొల్లు కూడా పోలేదు. కానీ దూరం నుంచి ఎవరూ నడిచి రాలేదు. నర్సింగ్ కర్ర చేతిలో పట్టుకుని, వేళ్ళ మీద లెక్క తప్పకుండా పెడుతూనే, జయరాముడి దెబ్బ కోసం చెవి ఒగ్గి నిలబడ్డాడు. అది రాలేదు. తను పదకొండేళ్ళుగా ప్రేమించిన రచన అవిటిదైనట్టు తోచింది. ఆ సంగతి హాల్లో ఇంకెవరికైనా తెలిసిందో లేదో గానీ, అతనికి తెలిసింది. చేసింది తనే.

బుధవారం సెలవు పెట్టి టాక్సీలో ఘాలా వెళ్ళాడు. లేబర్ కంపెనీ ఆఫీసులో మేనేజర్ తలుపు ముందు ఎనిమిదింటికి కూర్చున్నాడు. మేనేజర్ వచ్చాడు, పోయాడు, మళ్ళీ వచ్చాడు. "బాద్ మే", తర్వాత రమ్మన్నాడు. నర్సింగ్ కదలలేదు. టీ తెచ్చేవాడు రెండుసార్లు టీ ఇచ్చాడు. పన్నెండున్నరకు మేనేజర్‌కు విసుగొచ్చింది.

"ఎవరు నువ్వు? ఆ మనిషి నీకేమవుతాడు?"

"మా డ్రమ్మర్ సార్" అన్నాడు నర్సింగ్ హిందీలో. ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు చేదుగానే ఉంది.

ఉత్తరం మీద సంతకం పడింది, ముద్ర పడింది. ఖమరుద్దీన్ గురువారం పొద్దున్నే దాన్ని అనుమతి కాగితంతో జతచేశాడు. జయరాముడు సైడ్ డ్రమ్ముకు, జెన్నిఫర్ పెద్ద డ్రమ్ముకు మళ్ళీ వచ్చారు. నర్సింగ్ అయిదు దెబ్బలూ పోయాయి.

"నీకేమైంది నర్సింగ్? నీకే చాన్స్ పాయె గదా" అన్నాడు ఖమరుద్దీన్ ఆశ్చర్యపడి.

బుధవారం మధ్యాహ్నమే, ఉత్తరం తెచ్చిన వెంటనే, ట్రక్కు దగ్గర జయరాముడికి నర్సింగ్ చెప్పేశాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పాడు.

"జయరాముడూ, నీ పతాక ముచ్చట ఖమరుద్దీన్‌కు ఎక్కిచ్చింది నేనే."

జయరాముడు తాడు ముడి వేస్తున్నవాడు ఆగాడు. "ఎందుకు?"

"ఓర్వలేక."

జయరాముడు సగం వేసిన ముడి లాగి విప్పేశాడు. "రెండు దినాలు నీకు లెక్క నేర్పిన. నోట్ల నురుగచ్చేదాంక బాకాలూదిన. అప్పుడన్న నోరు రాలేదానె నీకు?"

"రాలే."

"ఇప్పుడెందుకచ్చింది?"

"నువ్వు కొట్టకపోతే గది మంచిగ లేదు. గందుకు."

జయరాముడు తాడు కింద పడేసి వెళ్ళిపోయాడు. గురువారం రిహార్సల్‌లో ఒకే ఒక్క మాట మాట్లాడాడు: "నర్సింగ్, స్టాండు రెండు అంగుళాలు దించు." అన్నా అనలేదు. నర్సింగ్ దించాడు.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఘాలా మైదానం నిండిపోయింది. ముందు చాపల మీద కూర్చున్నారు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు, ఆ వెనక బస్సుల టాపుల మీద జనం. గాలి తోలుతోంది. నర్సింగ్ బట్టల క్లిప్పులతో అరవై నాలుగు మంది కాగితాలనూ స్టాండ్లకు బిగించాడు. తెలంగాణ వాళ్ళు వంద మందికి పైనే ఒకచోట చేరారు. జయరాముడు నల్ల సూటులో వచ్చి కూర్చోగానే ఈలలు వేశారు. ఎవరో "మెట్‌పల్లి!" అని అరిచారు.

కొండెక్కేది సగం దాకా బాగానే నడిచింది. ఎగుడుదిగుడు నేల మీద వేసిన చెక్క వేదిక, వాద్యకారుల బరువుకు ఒక పలక సడలింది. సరిగ్గా సైడ్ డ్రమ్ము కిందనే. అందరూ ఆగబోయే చోటు వస్తోంది. స్టాండు ఒక పక్కకు ఒరుగుతోంది. జయరాముడు మోకాలు అడ్డం పెట్టాడు, కుదరలేదు. నర్సింగ్ పక్క మెట్ల మీంచి వంగి, దాదాపు పాకుతూ పైకి వచ్చి, స్టాండు కాలు రెండు చేతులతో బిగించి పట్టుకుని కూర్చున్నాడు. అందరూ ఆగిపోయారు.

డ్రమ్ము మొదలైంది. ఆ దెబ్బలు ఇనప కాలు గుండా నర్సింగ్ చేతుల్లోకి, దవడల్లోకి వచ్చాయి. అడుగు దూరంలో, తల పైనే జయరాముడి మణికట్లు ఆడుతున్నాయి. ఆ చేతులు తనవి కావు. ఎన్ని దుప్పట్లు దులిపినా కావు. అంత దగ్గర నుంచి చూస్తే అసూయ ఇంకా కొట్టొచ్చినట్టు లేచింది. అయినా చేతులు వదల్లేదు, వదిలితే ఆ శబ్దం పాడవుతుంది. జయరాముడు ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.

అయిపోగానే మైదానం మైదానమంతా లేచింది. జయరాముడిని వేదిక మీంచి దింపుకుని ఎత్తుకున్నారు. నర్సింగ్ పలక కింద రాయి పెట్టి, హార్ప్‌కు దుప్పటి కప్పడానికి పోయాడు. మర్నాడు సంగీత ఫోన్ చేసి, వీడియోలో డ్రమ్ము కింద కూర్చున్నది ఆయనేనా అని అడిగి, అవునంటే పది నిమిషాలు ఆపకుండా నవ్వింది. తర్వాత, "మంచిగ వట్టుకున్నవ్ లే" అంది.

ఆ వేసవిలో ఆర్కెస్ట్రా వాళ్ళు జయరాముడిని తమ వీసా మీదికి మార్చుకున్నారు. స్కూళ్ళకు, ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డ్రమ్ము అతనిదే. మిగతా రోజుల్లో ట్రక్కు పని. అతను, నర్సింగ్ కలిసే పెట్టెలు ఎత్తుతారు, పని మాటలు మాట్లాడుకుంటారు. డబ్బాలు ఎవరివి వాళ్ళు విప్పుకుంటారు.

హాల్లో పనిచేసే ఎవరైనా వచ్చి నేర్చుకోవచ్చని జెన్నిఫర్ గురువారం మధ్యాహ్నాలు ఒక క్లాసు పెట్టింది. రాత చదవడం, లెక్క, చేతివాటం. జయరాముడు చేరాడు. అతను చేరాడని తెలిసి నర్సింగ్ కూడా చేరాడు. మొదటి రోజు మేడమ్ ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావని అడిగితే, ఊరికే అన్నాడు. అతని వేళ్ళు మొద్దు. దెబ్బకు దెబ్బకు మధ్య కాలం సమంగా రాదు. అయినా ఒక్క క్లాసు కూడా మానలేదు. ఇప్పుడతను పుస్తకంలో పంతొమ్మిదో పేజీలో ఉన్నాడు. జయరాముడు అరవైలో ఉన్నాడు. గురువారం గదిలోకి రాగానే నర్సింగ్ ముందు చేసే పని, అతని పక్కన తెరిచి ఉన్న పుస్తకంలోకి ఓరగా చూసి, ఈ వారం ఎన్ని పేజీలు ముందుకు పోయాడో లెక్కపెట్టుకోవడం. ఆ తర్వాతే కర్రలు చేతిలోకి తీసుకుంటాడు.